ఎడమ కనుబొమ్మ మీది గాటు

లింగాలవాగు సెంటర్లో వెంకటప్పయ్య వీడియో గేముల పెట్టెలు రెండు దింపిన నాడు ఊరు ఊరంతా ఆయన కొట్టు ముందరే ఉంది. తొంభై నాలుగో సంవత్సరం మాట. దమ్మపేట దాటి అడవి రోడ్డు పట్టాక వచ్చే ఆ చిన్న సెంటర్లో అప్పటిదాకా సందడంటే శుక్రవారం సంత ఒక్కటే. ఆ పెట్టెలు విజయవాడలో ఎవరో వాడి పారేసిన సరుకు. కార్ల ఆట ఉన్నది వారానికే మూలపడింది. రెండో దాంట్లో ఒక సిపాయి ఉండేవాడు. రూపాయి బిళ్ల వేస్తే లేచి, తుపాకీ పట్టుకుని అడవిలో పడి పరుగెత్తేవాడు. వాగు దూకి, వంతెన దాటి, సరిగ్గా కొండ గుహ ముందర చచ్చేవాడు. ఎంత ఆడినా ఆ గుహ దాటిన మొనగాడు లేడు. తెర మీద పడే ఇంగ్లీషు ముక్కలు చదివే నాథుడు అంతకన్నా లేడు.

పిల్లలు ఊరుకుంటారా? వీడెవడు, ఎందుకు ఉరుకుతున్నాడు, గుహ అవతల ఏముందని వెంకటప్పయ్యను పీక్కుతిన్నారు. ఆయన విసిగిపోయి బోర్డులు రాసే జకర్యాను పిలిపించాడు.

"ఏందో ఒక కత కట్టి గోడ మీద బొమ్మలెయ్యి తమ్మీ. ఈ పోరగాండ్లు నా పానం తోడేస్తున్నరు."

జకర్యా గోడంతా బొమ్మలు వేశాడు. గోడ చాల్లేదు. డ్రాయింగ్ కాగితాలు తెచ్చి, పుస్తకం కుట్టి, కొట్టులో మేకుకు వేలాడదీశాడు. ఆదివారానికో కొత్త పేజీ చేరేది. అందులో సిపాయికి ఒక ఊరుంది, రెండు మేకలున్నాయి, ఇల్లు విడిచి రావడానికి ఒక కారణముంది. గుహ అవతల ఇంకో అడవి, దాని అవతల ఎవరూ కొట్టని, ఎవరూ తిట్టని ఒక ఊరు. ఆట ఇట్టే అయిపోయేది గానీ పుస్తకం అయిపోయేది కాదు. చేతిలో రూపాయి లేనివాళ్లు కూడా దాని కోసం వచ్చి నిలబడేవాళ్లు.

అయితే జకర్యాకు ఒక జబ్బుంది. ఎరగని మొహం గీయలేడు. చర్చిలో క్రిస్మస్‌కు పశువుల పాక వెనక తెర రాయమంటే, బాలయేసు పక్కన నిలబడే జోజప్పగారికి టైలర్ సీతయ్య మొహం పెట్టేశాడు, మీసంతో సహా. ఫాదర్ తిట్టాడు, సీతయ్య మాత్రం నెల రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఆ జబ్బు వల్ల అంతకుముందెప్పుడూ ఎవరికీ నష్టం జరగలేదు.

జకర్యా తల్లి జోజమ్మ. ఎండాకాలం బీడీల తునికాకు కోత, వానాకాలం నాట్లు, ఏడాది పొడుగునా చర్చి ఊడవడం, అదీ ఆమె బతుకు. చిన్నకొడుకు చిన్నప్ప అన్నల్లో కలిసి అడవిలోకి పోయాడు. పోయాడని తెలిసిన గంటలోనే ఆమె ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ పొయ్యిలో పెట్టేసింది. బడిలో తీసిన గ్రూపు ఫొటో, చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకున్న రోజు తెల్లబట్టల్లో తీయించింది, ఒక్కటీ మిగల్చలేదు. పోలీసులు వచ్చి ఇల్లంతా కుమ్మరించారు, బియ్యం డబ్బాలో కూడా చేతులు పెట్టారు. మొహం తెలియనివాణ్ణి ఎట్లా పట్టుకుంటారు? అడవిలో పేరు కూడా మార్చుకున్నాడాయె. వాడి మొహం వాళ్ల చేతిలో పడనంత కాలం తన బిడ్డ బతికుంటాడని ఆమె నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే అది.

కాకపోతే ఆమె కూడా వాడి మొహం మర్చిపోవడం మొదలుపెట్టింది. కళ్లు గుర్తొస్తే ముక్కు గుర్తురాదు. కన్నతల్లికి ఇదేం శిక్ష దేవుడా అని చర్చి ఊడుస్తూ ఊడుస్తూ ఏడ్చేది.

ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, జకర్యాకు అన్నం తెచ్చి ఇద్దామని ఆమె కొట్టుకు వచ్చింది. పుస్తకం తెరిచి ఉంది. అందులో సిపాయి వాగు ఒడ్డున కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె గిన్నె కింద పెట్టి, జకర్యాను పక్కసందులోకి ఈడ్చుకుపోయి వీపు మీద రెండు చరిచింది.

"కండ్లు మూసుకపోయినయారా నీకు? వాణ్ణి చంపుతవా ఏంది?"

"ఉండే అమ్మా, కొట్టకు. గాటు పెట్టలేదు చూడు. గాటు లేకుంటే అది ఎవడైనా గావొచ్చు."

నిజమే, గాటు లేదు. చిన్నప్పకు ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన గాటుంది. పసివాడుగా ఉన్నప్పుడు, వరి కోస్తున్న తల్లిని కావలించుకుందామని వెనకనుంచి ఉరికొస్తే, జోజమ్మ కొడవలే తగిలింది. ఆ నెత్తురు ఆమె చేతుల మీద ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది ఆమెకు.

ఆ పేజీ చింపెయ్యమని చెప్పాల్సింది. చెప్పలేకపోయింది. ఇంకొక్కసారి చూసి చెబుదాంలే అనుకుంది. ఆ ఇంకొక్కసారి ప్రతి ఆదివారమూ వచ్చింది. పిల్లల మధ్య ముసలమ్మ దూరి పుస్తకం చూస్తుంటే "అవ్వకు ఆటల పిచ్చి పట్టింది" అని వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె మాత్రం ఇంటికి పోయి జకర్యాకు వంకలు పెట్టేది. ఇప్పటికి మీసం వచ్చి ఉంటది, దవడలు ఇంకా పీక్కుపోయి ఉంటయి, అడవిల తిండి ఏముంటది అని. అతను అట్లాగే గీసేవాడు. చివరికి ఒకరోజు అననే అంది.

"గాటు పెట్టరా."

"వద్దమ్మా."

"గాటు లేకుంటే వాడు వాడెట్లయితడు? ఎవడో పరాయోని మొహం చూస్తున్నట్టుంది నాకు. ఆటబొమ్మను ఎవడు పట్టించుకుంటడు?"

తర్వాతి ఆదివారం సిపాయి ఎడమ కనుబొమ్మ చీలి ఉంది. జోజమ్మ ఆ పేజీ ముందు నిలబడి, కరువుతీరా చూసుకుంది.

ఆ మధ్యనే కొట్టుకు ఒక కొత్త మనిషి రావడం మొదలుపెట్టాడు. ఆట చచ్చేటంత ఘోరంగా ఆడేవాడు, రూపాయలు మాత్రం బాగా వేసేవాడు. మంచి మాటకారి.

"ఎవరవ్వా, మీ పిల్లగాడా?" అని నవ్వుతూ అడిగాడు.

"ఆటలోడు బిడ్డా. నాకేమైతడు!"

నోరు అట్లా అన్నది గానీ, బొటనవేలు బొమ్మలోని కనుబొమ్మను నిమురుతూనే ఉంది. ఆ సంగతి ఆమెకు ఆ మనిషి కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించాక గానీ తెలియలేదు. తెలిశాక చెయ్యి తీసుకుంది. ఏం లాభం?

మర్నాటికల్లా ఆ పేజీ లేదు. చింపింది కాదు, బ్లేడుతో కోసింది. పిల్లల పనేనని వెంకటప్పయ్య అందరినీ బూతులు తిట్టాడు. కోసుకుపోయింది ఎవరో జోజమ్మకు అర్థమైంది. కొడుక్కు కబురు పంపుదామంటే ఎవరిని నమ్మాలి, ఏ దారిన పంపాలి? చర్చి మెట్ల మీద కూర్చుని జపమాల తిప్పడం తప్ప ఆమెకు చేతనైంది ఏమీ లేకపోయింది.

వానలు వెనకబట్టాక, అడవి లోపల ఒక సంతలో ఉప్పు కొంటున్న మనిషిని పోలీసులు పట్టుకుపోయారు. పేపర్లో మాత్రం ఎదురుకాల్పులని వచ్చింది. శవాన్ని గుర్తుపట్టాలని జోజమ్మను దవాఖానాకు పిలిపించారు. జకర్యా బయట బండి మాట్లాడుతున్నాడు, ఆమె ఒక్కతే లోపలికి పోయింది. చిన్నప్ప మీసం బొమ్మలో ఉన్నంత లేదు. దవడలు మాత్రం ఆమె చెప్పినట్టే పీక్కుపోయి ఉన్నాయి.

మంచం పక్కన నిలబడ్డ అధికారి చేతిలో ఆ కాగితం ఉంది. "ఈ గాటే లేకుంటేనా, వీడి పక్కన కూర్చుని టీ తాగి కూడా లేచి వచ్చేటోళ్లం" అన్నాడు పక్కవాడితో. ముసలమ్మ వింటోందని గానీ, వింటే ఏమవుతుందని గానీ ఆయనకు పట్టలేదు. ఆమె అడిగింది ఒక్కటే.

"ఆ కాగితం నాకిస్తరా సారూ?"

"కేసులో ఉందమ్మా. కుదరదు."

చిన్నప్పను చర్చి వెనక పాతిపెట్టారు. వెంకటప్పయ్య భయపడి గోడకు సున్నం కొట్టించాడు, పుస్తకం తగలబెట్టాడు. జకర్యా బ్రష్షు పట్టడం మానేశాడు. కట్టెలు కొట్టాడు, మూటలు మోశాడు. ఎవరైనా బోర్డు రాయమంటే "నా తమ్ముణ్ణి ఈ చెయ్యే చంపింది" అని ఆ చెయ్యి చూపించేవాడు. తల్లితో మాటలు కూడా తగ్గించాడు. దవాఖానాలో విన్న నిజం చెప్పాలని జోజమ్మ నోటి దాకా వచ్చేది, మింగేసేది. ఒక కొడుకు పోయాడు, ఉన్న కొడుకు కూడా తన మొహం చూడకపోతే ఎట్లా బతకడం? పాపిష్టి భయం అది, ఆమెకు తెలుసు.

సమాధుల పండుగ వచ్చింది. అందరి సిలువలకూ కొత్త సున్నం, కొత్త పేర్లు. చిన్నప్ప సిలువ ఒక్కటే బోడిగా ఉంది. జోజమ్మ నల్లరంగు డబ్బా, బ్రష్షు తెచ్చి జకర్యా ముందు పెట్టింది.

"నీ చెయ్యి కాదురా చంపింది. గాటు పెట్టమన్నది నేను. ఆ గాటుతోనే దొరికిండంట. దవాఖానాల నా ముందరే అన్నరు. ఇన్నాళ్లు నీకు చెప్పకుండ దాచిన. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

జకర్యా తల ఎత్తలేదు.

"నువ్వు పెట్టమన్ననాడే నాకు తెలుసమ్మా, పెట్టొద్దని. బొమ్మలేసేటోణ్ణి, నాకు తెల్వదా? నాకూ వాణ్ణి చూడబుద్ధయింది."

జోజమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, చుట్టూ కొవ్వొత్తులు ముట్టించుకుంటున్న జనం చూస్తున్నారని కూడా లేకుండా గొల్లుమని ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి తేరుకున్నాక జకర్యా సిలువ మీద పేరు రాశాడు. డబ్బా మూత పెట్టబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మొహం కూడ గీయిరా. ఇంక వాణ్ణెవడేం చేస్తడు?"

అతను గీశాడు. కళ్లు, ముక్కు, మీసం, పీక్కుపోయిన దవడలు అన్నీ వచ్చాయి. ఎడమ కనుబొమ్మ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది, ఎంతకూ కదల్లేదు. జోజమ్మ అతని వేళ్లలోంచి బ్రష్షు తీసుకుని, గాటు తానే పెట్టింది.