బోడగుట్ట శిలాఫలకం

బోడగుట్ట కింద షామియానా చూడగానే వనజ మొహం చిట్లించింది. చెవులు పగిలే మైకు, ఎంగిలి ప్లేట్లు, ప్లాస్టిక్ పూల తోరణాలు. గుట్టను కాపాడే కార్యక్రమమట! కాపాడేవాళ్ళ మొహాలు చూస్తే గుట్టే లేచి పారిపోయేట్టుంది.

వనజ కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో జియాలజీ చెబుతుంది. హుజూరాబాద్ రోడ్డు పక్కనున్న ఈ గుట్ట చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగింది. గుట్టంతా చారల రాయి. ఒకప్పుడు గ్రానైటే, నేల లోపలి వేడికీ ఒత్తిడికీ నలిగి చారలు తేలింది. దాని వయసే రెండు వందల యాభై కోట్ల ఏళ్ళు ఉంటుందని ఆమె అంచనా. అందులో ఒక్కచోట చాపంత నల్లమచ్చ ఉంది. కరిగిన గ్రానైటు పైకి ఉబుకుతూ, అంతకు ముందే ఉన్న రాతిని మింగింది. అరగక మిగిలిన ముక్క అది. అంటే చారల రాతికన్నా పాతది. భూమికి మొదట్లో కట్టిన పెంకులోదేమో, ఎవరికి తెలుసు! తెలియాలంటే ఆ మచ్చలోని జిర్కాన్ అనే ఖనిజపు రవ్వలను హైదరాబాద్ ల్యాబుకు పంపాలి. వాటిలో యురేనియం ఎంత సీసంగా మారిందో చూసి వయసు కడతారు. ముందు గుట్టకు రక్షణ దొరకనీ అని, వనజ ఆ మచ్చ మీద సుత్తి కూడా వేయలేదు.

రాయి కోసి అమ్ముకోవడానికి గుట్టను లీజుకు తీసుకున్న రాయమల్లు మొదట నవ్వాడు. "మచ్చున్న రాయి ఎవడు కొంటడు మేడం? మేమైతే కోసి అవతల పారేస్తం."

వనజ వదల్లేదు. ప్రిన్సిపాల్ నిరంజన్‌ను వెంటబెట్టుకుని నెలల పాటు బతిమాలింది. చివరికి రాయమల్లు దిగొచ్చాడు. "సరే, గా దిక్కు పని బంద్ పెడ్త. కంచె ఏపిస్త. కాని కార్యక్రమం జర గ్రాండ్‌గ జెయ్యాలె."

ఇదిగో, ఇదే ఆ గ్రాండ్ కార్యక్రమం. నిరంజన్ తెర దారం ఆమె చేతిలో పెట్టాడు. "మీరే గుంజాలె మేడం. మీ వల్లనే గదా గిదంతా!"

తెర జారింది. నున్నగా పాలిష్ పట్టిన శిలాఫలకం, బంగారు రంగు అక్షరాలు. పైన ముఖ్య అతిథి, కింద రాయమల్లు, నిరంజన్, అన్నిటికన్నా కింద సన్నగా ఆమె పేరు. అక్షరాల వెనక చారలు. చారల మధ్య నల్లమచ్చ.

వనజ గిరుక్కున గుట్టవైపు తిరిగింది. కొత్త కంచె లోపల చదరంగా కోసిన గొయ్యి.

"ఇది... అక్కడిదేనా?"

"మరి! ఏదో ఒక రాయి పెడితే ఇజ్జత్ ఏముంటది? మీరు చెప్పిన అసలు రాయి మీదనే రాపిచ్చినం," అని మురిసిపోయాడు రాయమల్లు. "చుట్టుపక్కలది కంకర కొట్టే క్రషర్‌కు పోయింది."

"సార్, మీకు ముందే తెలుసా?"

"ఐడియా నాదే మేడం," అన్నాడు నిరంజన్. "జర నవ్వండి, ఫొటో తీస్తుండ్రు. తర్వాత మీకు సన్మానం."

ఛీ! ఏది దేన్ని మింగిందో చూపించే అంచులు చాలావరకు కంకరైపోయాయి. రాయమల్లు రాళ్ళమ్ముకునేవాడు, వాడికేం తెలుసు. కాలేజీ నడిపే ఈ మనిషికేమైంది? ఆ ఇకిలింపు చూస్తుంటే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. ఆ పేర్ల వరుసలో తన పేరూ ఉన్నందుకు ఇంకా రోత పుట్టింది.

"ఆ శాలువా మీరే కప్పుకోండి సార్," అంది. సంచిలోంచి సుత్తి తీసింది.

"మేడం! మేడం!" అని మైకులోనే అరిచాడు నిరంజన్.

మచ్చ దట్టంగా ఉన్నది అన్నిటికన్నా కిందే, ఆమె పేరున్నచోట. మొదటి దెబ్బకు మైకు ఆగింది. రెండో దెబ్బకు ఫలకం మూల విరిగి ఆమె కాళ్ళ దగ్గర పడింది. వనజ వంగి ఆ ముక్క తీసుకుని, దుమ్ము ఊది, సంచిలో వేసుకుంది.

ల్యాబుకు పంపేముందు దాని మీద తన పేరు గీకేయాలి, అంతే.