ఇరవై రెండు నిమిషాల జలపాతం

ఆ ఇంట్లో గోడకు ఫోటో తగిలించేముందు కింద బకెట్ పెట్టడం అలవాటు. చెల్లెలు తీసిన సెలయేళ్లూ జలపాతాలూ గోడకెక్కగానే పారతాయి. కెమెరా షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచితే అంతసేపూ పారతాయి, మధ్యలో దింపినా ఆగవు. ముప్పై సెకన్ల సెలయేటికి ఒక బకెట్ సరిపోతుంది. వదిన ఆ నీళ్లతోనే గిన్నెలు తోముతుంది.

కొండెక్కేది చెల్లెలు. మోకాళ్లలోతు చల్లటి నీళ్లలో స్టాండు నిలబెట్టి, లెన్సుకు వెలుతురు తగ్గించే నల్ల అద్దం తగిలించి, ఊపిరి బిగబట్టి సెకన్లు లెక్కపెట్టేదీ ఆమే. అన్నయ్య కారు దిగడు. ఫోటో కింద పేరు మాత్రం అతనిదే. సిగ్గుండాలి కదా, లేదు.

ఈసారి ప్రదర్శన పెద్దది. ఎవరి ఫోటో నచ్చితే వాళ్లకు ఏడాది పొడవునా కొండల్లో ఫోటోలు తీసే పని ఇస్తారు. ఈ ఒక్కసారైనా తన పేరు వేయమని ఆమె కారు కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

"నా పేరు ఇచ్చేశానే. ఇంటిపేరు ఒకటేగా, నీదైతేనేం, నాదైతేనేం?" అన్నాడు అన్నయ్య చిప్స్ నములుతూ.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కొండెక్కి, షట్టర్ తెరిచి, అంకెలకు బదులు అన్నయ్యను తిట్టడం మొదలుపెట్టింది. బడిలో తను గీసిన బొమ్మకు అతను అందుకున్న బహుమతి దగ్గర్నుంచీ ఎత్తుకుంది. తిట్లు అయిపోయేసరికి ఇరవై రెండు నిమిషాలైంది. వెలుతురు తగ్గే వేళ కాబట్టి ఫోటో చెడలేదు, నీళ్లు మీగడలా వచ్చాయి. ఎంతసేపు తీశావని అన్నయ్య అడగలేదు, ఆమె చెప్పలేదు.

ప్రదర్శనశాల మేనేజరు మాత్రం అడిగింది. "ఎంతసేపు తీశారండీ?"

"ముప్పై సెకన్లు. నేనెప్పుడూ అంతే తీస్తాను," అన్నాడు అన్నయ్య దర్జాగా.

ఒక బకెట్ పెట్టి ఫోటో ఎక్కించారు. బకెట్ నిండింది, పొర్లింది. వచ్చినవాళ్లంతా కుర్చీలెక్కారు.

"ముప్పై సెకన్లన్నారు కదండీ! మూడు నిమిషాలైంది. ఇంకెంతసేపు?" అని అరిచింది మేనేజరు.

అన్నయ్య ఇంకో బకెట్ కోసం అటూ ఇటూ వెతికాడు.

"ఇరవై రెండు నిమిషాలండీ," అంది చెల్లెలు గుమ్మం దగ్గర్నుంచి.

ఆ లెక్క తీసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మేనేజరు అన్నయ్య పేరున్న కార్డు పీకేసి, కొత్త కార్డూ పెన్నూ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "వచ్చే వారం నుంచి పనిలోకి రా అమ్మా," అంది.

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం పదవే," అన్నాడు అన్నయ్య గొంతు తగ్గించి.

ఆమె తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, కార్డు గోడకు అంటించింది.

"ఇక్కడే మాట్లాడుకుందాం అన్నయ్యా. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది."