తాళానికి అడుగు వెనక

ఆదివారం పొద్దున సునంద ఇంటి ముందు నల్లా దగ్గర కూచుని దుప్పట్లు పిండుతూ కూనిరాగం తీస్తోంది. వాకిట్లో బండి తుడుచుకుంటున్న రాంచందర్ తల ఎత్తకుండానే అన్నాడు.

"పాడితే పాడు గాని, జెర తాళంల పాడరాదా?"

పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఈ మాట ఆమెకు కొత్త కాదు. అంతకు ముందూ కొత్త కాదు. చిన్నప్పుడు కర్దనూరు బడిలో ఆగస్టు పదిహేనుకు పాట నేర్పిన పంతులు, గొంతు బాగుందని ముందు వరుసలో నిలబెట్టి, రెండో రోజే వెనక వరుసకు పంపించాడు. అందరూ చరణం ఎత్తుకున్నాక అర క్షణం ఆగి ఎత్తుకుంటుందట. భానూరుకు కోడలై వచ్చిన ఏడు బతుకమ్మ దగ్గర అత్త మొగులమ్మ నలుగురిలో కసిరింది. "నీ చప్పట్లు నువ్వు కొట్టు, మమ్మల్నెందుకు పరేషాన్ చేస్తవ్?" తనలోనే ఏదో లోపం ఉందని సునంద కూడా నమ్మేసింది. అందరికీ పెట్టి చివర తినే మనిషి, అందరూ స్నానాలు చేశాక మిగిలిన నీళ్లు పోసుకునే మనిషి, పాట దగ్గరికి మాత్రం అందరికంటే ముందు ఎలా చేరుతుంది అనుకుని తనలో తను నవ్వుకునేది.

ఆమెను ఎవరూ దిద్దని చోటు ఒకటుంది. పటాన్‌చెరులో మందుబిళ్లల కంపెనీ, ప్యాకింగ్ సెక్షన్. పదహారేళ్లుగా అక్కడే పని. బిళ్లల పట్టీలు కత్తిరించే మిషను రోజంతా టకటకా ఒకటే దరువు వేస్తుంది. ఆ దరువు మీద, దానికి అంటీ అంటకుండా సునంద గొంతు నడిచేది. మిషను చప్పుడులో ఎవరికీ వినపడదు కాబట్టి అడ్డూ ఆపూ లేదు.

ఆ ఏడే కంపెనీలో వినాయకుణ్ని సాగనంపే రోజు మధ్యాహ్నం, సంగారెడ్డి నుంచి యాదగిరి బ్యాండు వచ్చింది. యాదగిరికి అరవై దాటాయి. పెళ్లి బరాత్‌లలో ట్రంపెట్ ఊదుతాడు. ప్యాకింగ్ ఆడవాళ్లు సునందను ముందుకు తోశారు. ఆమె భయపడుతూనే ఒక జానపదం ఎత్తుకుంది. సగం పాటలో యాదగిరి చేయెత్తి డప్పులను ఆపేశాడు. అయిపోయింది, మళ్లీ వెనక వరుసే అనుకుంది సునంద.

"బిడ్డా, ఎవరు నేర్పిన్రు నీకు గిట్ల?"

"ఎవరు నేర్పలె కాకా. నాకు తాళం రాదు."

"తాళం రాకుంటే ప్రతిసారి సరిగ్గ అంతే ఎనుక ఎట్ల పడ్తవ్? తాళం మంచిగొస్తది గాబట్టే దాంతోని ఆడుకుంటున్నవ్. దీన్ని జాజ్ అంటరు. నా ఉస్తాదు సికింద్రాబాద్ క్లబ్బులల్ల గిదే వాయించేటోడు. గీ ఆలస్యం రావాలంటే నన్ను ఏడేండ్లు సతాయించిండు."

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూచుని సునంద ఊరికే నవ్వుతూనే ఉంది. చిన్నప్పటి నుంచి తను మోసిన తప్పుకు ఒక పేరుందట. ఆ పేరున్న పాటను మనుషులు టికెట్టు కొని వింటారట.

అప్పటి నుంచి వారంలో రెండు సాయంత్రాలు బస్సు దిగాక సంగారెడ్డి వెళ్లి, యాదగిరి రేకుల షెడ్డులో డప్పుల మధ్య కూచునేది. ఇంట్లో ఓవర్‌టైం అని చెప్పింది. ఇంగ్లిషు పాటలను తెలుగు అక్షరాల్లో రాసుకుంది. మాటలు లేకుండా ఉత్త గొంతుతో ట్రంపెట్‌కు బదులివ్వడం నేర్చుకుంది. "ఉన్నది ఉన్నట్టు పాడితే అది అప్పజెప్పుడు," అనేవాడు యాదగిరి. "నీ ఇష్టమొచ్చిన గల్లీల తిరిగి, మళ్ల పాట కాడికి రావాలె." ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు పులకరించేది. ఇంటి నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి ఇంటికి తప్ప ఎటూ తిరగని మనిషి. మధ్యలో ఒక పూట ఎక్కడైనా ఆగితే ఎందుకు, ఏమిటి, ఎవరితో అని సంజాయిషీ చెప్పుకోవలసిన మనిషి. పాటలో మాత్రం ఎంత దూరమైనా పోయి రావచ్చు, తిరిగి వచ్చినప్పుడు గుమ్మంలో ఎవరూ నిలబడి ఉండరు.

మొదటిసారి పాడింది హైదరాబాద్‌లో ఒక హోటల్లో, ఆదివారం భోజనాల వేళ. ట్రంపెట్ యాదగిరిది. సికింద్రాబాద్ నుంచి పియానో ఆమె, డ్రమ్ములాయన వచ్చారు. నేత చీర కట్టుకుని సునంద మైకు ముందు నిలబడితే, జనం తలలు వంచుకుని తింటున్నారు. ఆమె తనే కట్టుకున్న పాట ఎత్తుకుంది. 'ఆగు ఆగు డ్రైవరన్నా, జడ ఇంకా అల్లుకోలే' అని కంపెనీ బస్సు వెంట పరుగెత్తే ఆడమనిషి పాట. రెండో చరణానికి ఒకామె చెంచా కింద పెట్టింది. తర్వాత పక్క టేబుల్ వాళ్లు. చివరికి వంటవాళ్లు కూడా బయటికొచ్చి నిలబడ్డారు.

ఎవరో తీసిన వీడియో తిరిగి తిరిగి రాంచందర్ ఫోనుకు చేరింది. ఇంటికొచ్చి టీ అడిగాడు. టీ తాగాక గొంతు సవరించుకున్నాడు.

"దాచుడు ఎందుకు? నేను వద్దంటనా? గట్లాంటోన్నా నేను? ఇంట్ల పనులన్ని అయినంక పాడుకో, ఎవరొద్దన్నరు?"

సునందకు కళ్లలో నీళ్లొచ్చాయి, సంతోషంతోనే. ఎంత మంచి మొగుడు అనుకుంది. ఆ మంచితనానికి రుణం తీర్చుకుంటున్నట్టు ఏడాదిన్నర పాటు చీకటితో లేచి వాకిలి ఊడ్చింది, ఆదివారం కూర వండి గిన్నెలు తోమి, చేతులకు వెల్లుల్లి వాసన పోక నిమ్మచెక్క రుద్దుకుంటూ పాటకు బస్సెక్కింది. పని తర్వాత పని ఉంటుంది, దాని తర్వాత ఇంకోటి పుడుతుంది. అవన్నీ దాటుకుని వేదిక ఎక్కేసరికి ఊపిరి అందేది కాదు. అనుమతి ఇచ్చినవాడు ఒక్కసారీ అన్నం గిన్నె దించలేదని, తను కూడా అడగలేదని ఆమెకు మెల్లగా తట్టింది. తన గొంతు తనది. దాన్ని అడిగి తెచ్చుకుని, మళ్లీ దానికి కిరాయి కడుతోంది.

ఈ వేసవిలో బెంగళూరు జాజ్ ఉత్సవం నుంచి పిలుపొచ్చింది. మూడు రోజులు. చివరి రోజు ఆదివారం సాయంత్రం వాళ్ల పాట. అదే ఆదివారం సంగారెడ్డిలో ఆడబిడ్డ ముత్యమ్మ కొత్తింటి దావత్.

"నువ్వు లేకుంటే వంట ఎవరు చూస్తరు?" అన్నాడు రాంచందర్.

"వంటోళ్లను పెట్టుకున్నరు గదా."

"వంటోళ్లను చూసుకునేటోళ్లు గావాలె గదా! నేనేమన్న పాడొద్దన్ననా? పనులైనంక పాడుమన్న. ముందు దావత్ కానియ్యి."

సునంద చేతిలో పళ్లెం కింద పెట్టింది. ఆమెకు కోపం రాలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"పనులు అయిపోయే దినం ఒక్కటి చెప్పు. ఆ దినం దాక ఆగుత."

రాంచందర్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. కూతురు అంకిత డిగ్రీ పుస్తకంలోంచి తల ఎత్తింది. మూలన మంచం మీద తమలపాకుకు సున్నం రాసుకుంటున్న మొగులమ్మ ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది.

"ఏం జెప్తడే వాడు? నాకు డెబ్భై ఐదొచ్చినయ్. నా పనులే ఇంక కాలె. పో పిల్లా, జల్దీ పో."

సునంద అత్త మొహంలోకి చూసింది. అది దయతో అన్న మాటలా లేదు. లెక్క ఇప్పుడే తెలిసొచ్చిన మనిషిలా ముసలామె ఇంకా నవ్వుతోంది. సునందకూ నవ్వు ఆగలేదు. అంకిత కూడా కలిసింది. రాంచందర్ ముగ్గురినీ చూసి, బండి తాళంచెవి తీసుకుని బయటికి పోయాడు.

శుక్రవారం పొద్దున సునంద బయల్దేరింది. వండి పెట్టి వెళ్లలేదు. ఎక్కడేముందో కాగితం మీద రాసి పెడదామని కలం తీసి, మళ్లీ మూసేసింది. ఉప్పు ఎక్కడుందో ఇన్నేళ్లలో తెలియకపోతే, ఇప్పుడైనా వెతుక్కుంటే తెలుస్తుంది.

ఆదివారం సాయంత్రం, చెట్ల మధ్య వేదిక. పొద్దు ఇంకా వాలలేదు. యాదగిరి ఎత్తుకున్నాడు. ట్రంపెట్ పిలిచింది. ఆమె ఆగింది, ఇంకొంచెం ఆగింది, జనం ఊపిరి బిగబట్టే దాకా ఆగి అప్పుడు అడుగు పెట్టింది. చేతులకు ఏ వాసనా లేదు. ఊపిరి నిండా ఉంది. తెలిసిన పాటను వదిలి ఎటో పోయింది, ఇంతకు ముందు ఎన్నడూ పోని చోట్లకు పోయింది, తొందర లేకుండా తిరిగింది. పాట ముగిసేసరికి తెలుగు ముక్క రాని జనం 'ఆగు ఆగు డ్రైవరన్నా' అని లేచి నిలబడి పాడుతున్నారు. యాదగిరి టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు, చెమటో ఏమిటో.

వేదిక దిగి నీళ్లు తాగుతుంటే అంకిత ఫోను.

"అమ్మా, దావత్ మంచిగైంది. బాపు పొద్దట్నించి వంటోళ్ల కాడనే ఉన్నడు. పప్పుల ఉప్పు రెండుసార్లేసిండు. అందరు తిన్నరు, ఎవరు ఏమనలె." కాసేపు నవ్వు. "ఇంకోటమ్మా. అందరడిగిన్రు, సునంద ఏదని. ముత్యమ్మత్త మూతి తిప్పింది. బాపు జెరసేపు నీళ్లు నమిలిండు. ఆఖరికి, డ్యూటీకి పోయింది అన్నడు."

సునంద ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది. ఇంట్లో అందరి లెక్కలో రాంచందర్ తన కంపెనీకి పోతే డ్యూటీ. ఇన్నేళ్లుగా తను పోయేది మాత్రం ఉత్త పని. డ్యూటీ చేసి వచ్చినవాణ్ని ఇంట్లో ఎవరూ కదిలించరు, అలసిపోయాడంటారు. డ్యూటీకి పోవద్దని ఎవరూ అనరు.

అవతల పియానో ఆమె పిలుస్తోంది. జనం ఇంకో పాట అడుగుతున్నారు.

"బిడ్డా, మీ బాపుకు చెప్పు," అంది సునంద కొంగు బిగించుకుంటూ. "ఇయ్యాల ఓవర్‌టైం ఉన్నది. వచ్చే నెల గోవాల డ్యూటీ."