మర ఆపిన పూట

మర ఆడుతున్నంతసేపూ ఆ ఇంట్లో మాట అంటే అరుపే. ముందు గదిలో పిండిమర, వెనక రెండు గదుల్లో కాపురం. మోటారు వేస్తే గోడలు అదురుతాయి. పిలవాలంటే చెయ్యి ఊపుతారు, కావాలంటే వేలు చూపిస్తారు. అందుకే నాలుగేళ్ల మనవరాలికి వినపడటం లేదన్న సంగతి ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. బడిలో టీచరమ్మ కనిపెట్టింది.

ముక్కు వెనక ఎడినాయిడ్స్ అనే కండ పెరిగి దారి మూసేశాయన్నాడు చెవి ముక్కు డాక్టరు. అందుకే నోటితో ఊపిరి, అందుకే కర్ణభేరి వెనక నీరు. మూడు నెలలు మందులు వాడారు. తగ్గలేదు. ఇక తీసెయ్యాలన్నాడు.

"పెద్దయితే అవే కుంచించుకుపోతాయట," అన్నాడు తాత.

"అందాకా దాని మాట ఏం కాను మామయ్యా? నీళ్లు కావాలని అడగడం కూడా రాదు దానికి," అంది కోడలు.

"నీ నోటి ధాటికి దానికి సందెక్కడ దొరికింది?"

కొడుకు నవ్వబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు. ఆపరేషను ఒప్పుకోలు కాగితం వాడి జేబులోనే నలుగుతోంది. తండ్రి ఊ అనందే సంతకం పెట్టే రకం కాదు.

ఆరేళ్ల క్రితం తాత భార్య కడుపులో రాళ్లకు ఆపరేషనుకు వెళ్లింది. మత్తుమందు ఇచ్చారు. మళ్లీ లేవలేదు. తాత వద్దంటున్నా తీసుకెళ్లింది కొడుకు. తాత అది మరిచిపోలేదు, వాణ్ని మరవనివ్వలేదు.

"చెవుడో కాదో నేనే తేలుస్తా. మర ఆపరా," అన్నాడు.

మర ఆగింది. పిల్ల చెక్క అరుగు చివర అటు తిరిగి కూర్చుని ఖాళీ సంచి మడుస్తోంది. నోరు తెరిచే ఉంది. తాత అదే అరుగు ఇవతలి కొసన నిలబడి, "బంగారూ" అన్నాడు. పిల్ల కదల్లేదు. మళ్లీ పిలిచాడు. లేదు. మూడోసారి పిలుస్తూ మడమతో చెక్కను పొడిచాడు. అరుగు అదిరింది. పిల్ల చటుక్కున తిరిగి నవ్వింది.

"చూశావుగా? వింది."

కొడుకు మొహం తేటపడింది. "అయితే ఇంకో ఆర్నెల్లు చూద్దాం."

కోడలు పిల్లను ఎత్తి సిమెంటు నేల మీద దింపింది. గోడవైపు తిప్పి నిలబెట్టింది.

"ఇప్పుడు పిలవండి మామయ్యా. కాలు కదపకుండా."

తాత కొడుకు వైపు చూశాడు.

"పిలవండి!"

"దీన్ని కూడా పొట్టన పెట్టుకుంటారా?" అని గొంతు చించుకున్నాడు తాత. గోడ ముందు పిల్ల ఉలకలేదు, పలకలేదు.

"మీకంటే ఆ మత్తుమందు నయం," అంది కోడలు. "అది తెలిసి చెయ్యలేదు."

కొడుకు జేబులోంచి కాగితం తీశాడు. పిండి డబ్బా మీద పెట్టి సంతకం చేశాడు.

"నేనూ వస్తాను ఆస్పత్రికి," అన్నాడు తాత.

"వద్దు నాన్నా. మర చూసుకో."

ఆపరేషను రోజు ఆయన మోటారు వెయ్యలేదు. ఫోను వినపడదని. గోధుమలు తెచ్చినవాళ్లను గుమ్మంలోంచే తిప్పి పంపాడు. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పది దాటింది, పన్నెండు దాటింది. అది మోగలేదు. తను చేస్తే ఇద్దరూ ఎత్తలేదు.

నాలుగింటికి ఆటో ఆగింది. పిల్ల తండ్రి భుజం మీద తల వాల్చి, కళ్లు తెరిచే ఉంది. తాత గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్క ఫోను చెయ్యకూడదటే? పొద్దుట్నించీ చచ్చి బతుకుతున్నాను."

"తెలుసు మామయ్యా," అంది కోడలు, చెప్పులు విడుస్తూ. "అందుకే చెయ్యలేదు."