ఏటికి ఎంత కావాలి?

“ఇంట్లో మనకే నీళ్లు సాలక ఇంత అవస్థ పడతాంటే, మీ ఆఫీసోళ్లు ఏటికి నీళ్లిడుస్తారంటనే?” అని అడిగింది మా అత్త సుబ్బలక్ష్మమ్మ.

నేనప్పుడు పైపు పట్టుకుని డ్రమ్ముల దగ్గర నిలబడి ఉన్నాను. కర్నూల్లో మా వీధికి ఎండాకాలం నీళ్లు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున వస్తాయి. లేచి పట్టేది నేనే. పొద్దున్నే నిద్ర చెడితే మా ఆయన రాజశేఖర్‌కు దినమంతా తలనొప్పి. బ్యాంకులో పని కదా, తల బాగుండాలి.

“ఇడిసేది కాదత్తా, ఎంత ఇడవాలో తేల్చమన్నారు.”

“ఎవురిని?”

“నన్నే.”

ఆమె నవ్వింది. “పప్పులో ఉప్పెంతో తేల్చలేవు, నువ్వు ఏటికి తేలుస్తావా?”

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరును. తుంగభద్ర మీద మా ఊరికి ఎగువన ఒక ఆనకట్ట ఉంది. అక్కడి నుంచి కాలువ బయలుదేరి కర్నూలు పొలాల మీదుగా కడప వైపు పోతుంది. ఎండాకాలం గేట్లు మూసి నీళ్లన్నీ కాలువకు మళ్లిస్తే, దిగువన నది మడుగులు మడుగులుగా విడిపోతుంది. ఏరు ఏరుగా బతకాలంటే ఏ కాలంలో ఎంత నీరు వదలాలో తేల్చమని పైనుంచి ఆదేశం వచ్చింది. కమిటీలో నలుగురం ఉన్నా పని నా టేబుల్ మీదికే వచ్చింది. “నీకైతే ఓపిక ఎక్కువ కదమ్మా,” అన్నారు మా పెద్ద ఇంజనీరు. ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నేను కూడా మొదట అట్లాగే తీసుకున్నాను.

మొదటి సమావేశానికి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ప్రేమజ్యోతిని పిలిచాం. “స్వర్ణలతా, టీలు చెప్పమ్మా,” అన్నారు సారు, అందరికంటే ముందు నన్ను చూసి. నేను టీలు చెప్పి వచ్చేసరికి ప్రేమజ్యోతి మాట్లాడుతోంది. ఏడాదంతటికీ ఒక్క అంకె చాలదంది. ఎండాకాలం మడుగులు ఒకదానితో ఒకటి కలిసేంత సన్నగానైనా పారాలి. తొలకరిలో ఒకసారి నీళ్లు పొంగాలి, ఆ పొంగు చూసే చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి.

“చేపల పెళ్లికి ముహూర్తం కూడా మనమే పెట్టాలా?” అన్నారు సారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రేమజ్యోతి ఒక్కతే నవ్వలేదు. సారు నవ్వితే నవ్వడం నాకు అలవాటైపోయిందని ఆ సాయంత్రం దాకా నాకు అర్థం కాలేదు.

“సరే, ఎంత వదలాలంటారు?” అని అడిగాను ఆమెను.

“కచ్చితంగా చెప్పలేను మేడమ్. ఉజ్జాయింపుగా మాత్రం చెప్పగలను.”

సారు చేతులు దులుపుకున్నారు. “అదీ సంగతి. తెలియనిదాని కోసం రైతుల నోరు కొట్టలేం. ఊళ్లకు, పొలాలకు, ఫ్యాక్టరీలకు పోగా మిగిలింది ఏటికి అని రాసెయ్యమ్మా. ఎవరితోనూ తగవుండదు.”

మిగిలింది. ఆ మాట ఆ రోజంతా నా వెంటే తిరిగింది. మా ఇంట్లో ఆ మాటకు అర్థం నాకు బాగా తెలుసు. అందరూ తిని లేచాక గిన్నెలో మిగిలిన కూర నాది. అందరి పనులూ అయ్యాక మిగిలిన ఆదివారం నాది, అది సాధారణంగా మిగలదు. అయితే నా మీద నాకే అనుమానం వచ్చింది. ఇది ఏటి బాధా, నా బాధా? ఇంటి మీద కోపాన్ని తీసుకుపోయి నది లెక్కలో కలుపుతున్నానా? నది మనిషి కాదు, నీళ్లు. నేను ఇంజనీరును, నాకు కావలసింది ప్రవాహం ఎంతో, లోతెంతో. అట్లా సర్దిచెప్పుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాను. కాలువ కింది రైతు అడిగేది న్యాయంగానే ఉంటుంది. ఊరు అడిగేదీ న్యాయమే. ప్రేమజ్యోతి చెప్పింది మళ్లీ చదివితే అదీ న్యాయమే. అన్ని న్యాయాలూ కలిపితే ఉన్న నీళ్లకంటే ఎక్కువైపోతాయి. ఒకటి తీసేద్దామంటే చెయ్యి రాదు.

ఆదివారం మా మరిది ఓబుళేశు వచ్చాడు. మైదుకూరు దగ్గర పల్లెలో, ఆ కాలువ కిందే, మా అత్తగారి పొలం చేసేది అతనే. అతన్ని కాదనడం నాకు చాలా కష్టం. నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు మా ఆయనకు సెలవు దొరకలేదు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పడుకున్నవాడు ఓబుళేశు. నర్సును బతిమాలి నాకు వేడినీళ్లు తెచ్చిచ్చినవాడు.

“వదినా, నేనేం సదువుకున్నోన్ని కాదు. ఒగటే చెప్తా. ఆఖరి తడి అందకుంటే వరి గింజ పట్టదు. ఏరు ఎండితే మల్లా వానకు నిండుతాది. మా పైరు ఎండితే నిండదు గదా.”

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. “దీంట్లో ఆలోచించేదేముండాది? సారు చెప్పినట్ల రాసి పారెయ్. అయినా నువ్వు మా ఇంటి మనిషివా, ఏటి మనిషివా?”

“ఉండున్నా, వదినను అట్లంటావేమి,” అన్నాడు ఓబుళేశు.

నేను లేచి వంటింట్లోకి పోయాను. కుక్కర్ పెట్టాలి కాబట్టి పోయానా, ఆ ప్రశ్నకు జవాబు లేక పోయానా, ఇప్పటికీ చెప్పలేను.

మరునాడు ప్రేమజ్యోతితో కలిసి ఆనకట్ట దిగువకు వెళ్లాను. ఎండ బండల మీద పడి మొహానికి కొడుతోంది. నది వెడల్పంతా రాయి, ఇసుక, మధ్యలో పాచిపట్టిన మడుగులు. ఒక మడుగు అంచున చిన్న చేపలు తెల్లటి కడుపులు పైకి తిప్పి తేలుతున్నాయి. వాసనకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఇన్నేళ్లుగా ఈ నీళ్ల లెక్కలు వేస్తూ, గేట్లు మూసిన తరువాత ఇక్కడికి ఒక్కసారి కూడా రాలేదని గుర్తొచ్చింది.

ఒడ్డున చాంద్ బేగం అనే ఆమె గుండ్రటి పుట్టి పడవను బోర్లించి, దాని నీడన కూర్చుని వల చిక్కులు తీస్తోంది. ఆమె, భర్త హుసేన్ వలి నదిలో చేపలు పట్టి బతుకుతారు. ఏటికి నీళ్లు వదిలితే బాగుంటుందా అని అడిగాను, ఒక్కరైనా తేటగా ‘ఔను’ అంటే నా అయోమయం పోతుందన్న ఆశతో.

“శానా బాగుంటాది మేడమ్. చేపలుంటాయి, తాగేకి ఊట నీళ్లుంటాయి.” ఆమె చేతులు ఆగిపోయాయి. “కానీ మా కొడుకు షబ్బీరు కాలవ కింద కోతలకు పోతాండాడు. ఆడ పైరు లేకుంటే వానికి పని యాడిది? ఏం జెప్పమంటావు నన్ను? నాకైతే రెండూ గావాల.”

తిరుగు దారిలో ప్రేమజ్యోతి ఏదో చెబుతూనే ఉంది. నేను వినలేదు. ‘నాకైతే రెండూ గావాల’ అని ఆమె ఎంత మామూలుగా అంది! సిగ్గుపడలేదు, క్షమించమనలేదు. రెండూ కావాలని నేను ఏనాడైనా నోరు తెరిచి అన్నానా? ఉద్యోగం కావాలంటే ఇల్లు తగ్గకూడదన్నారు. నిద్ర కావాలంటే నీళ్లు ఎవరు పడతారన్నారు. నేనూ ప్రతిసారీ ఏదో ఒకటి వదులుకుని, దానికి సర్దుబాటు అని పేరు పెట్టుకున్నాను.

చివరి సమావేశంలో నేను రాసింది చూసి సారు కళ్లజోడు తీశారు. “మిగిలింది అన్న మాట ఏదమ్మా?”

“తీసేశాను సార్. ఎండాకాలం మిగిలేది సున్నా. సున్నా వదలడానికి ఇంత కమిటీ ఎందుకు?”

ఎవరూ నవ్వలేదు. మడుగులు కలిసేంత ప్రవాహం ఏటికి ముందుగానే పక్కన పెట్టాలన్నాను. కాలువకు వంతులు వేయాలి. కరువొస్తే కోత అందరికీ, ఏటికి కూడా, ఒకే పాళ్లలో పడాలి. తొలకరి మొదటి పొంగును పట్టి ఉంచకుండా దిగువకు పోనివ్వాలి.

“ఈ అంకె సరైనదని హామీ ఇస్తావా?”

“ఇవ్వలేను సార్. తప్పయితే వచ్చే ఏడు మారుద్దాం.”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, కాగితం మొదటి నుంచి చదివారు. తరువాత, నేను వెనక్కి తగ్గుతాననుకున్నారేమో, “సరే, ఒక్క కారు పంట వరకు చూద్దాం. కానీ ఆనకట్ట దగ్గర గెస్ట్‌హౌస్‌లో ఉండి చూసుకునేది నువ్వే. ఇంట్లో ఒప్పుకుంటారా?” అన్నారు.

“ఉంటాను సార్,” అన్నాను. ఆయన అడిగిన దానికి అది జవాబు కాదని మెట్లు దిగుతుండగా తట్టింది.

సాయంత్రానికే ఓబుళేశు ఫోన్ చేశాడు. “వదినా, మాకు వంతులేసినారంట. కింది మడి పోతాదేమో.”

పోదు అని అబద్ధం చెప్పలేకపోయాను. “పోతాదేమోనప్పా. నీ వంతు మాత్రం తప్పకుండా చూస్తా.”

“సర్లే,” అన్నాడు. “అన్నం తిన్యావా వదినా?”

ఆ ఒక్క మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అతనికి అన్యాయం చేశానా, న్యాయం చేశానా? తేలలేదు. తినలేదని చెప్పి ఫోన్ పెట్టేసి, అందరికంటే ముందు కంచం పెట్టుకుని తిన్నాను. మా అత్త వింతగా చూసింది.

మరుసటి రోజు బట్టలు సర్దుకుంటుంటే మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎన్నాళ్లు ఆడ?”

“తొలకరి పొంగు వచ్చి పోయేదాకా.”

“అది ఎప్పుడొస్తాదో ఎవరికి తెలుసు? అంతవరకు ఈడ ఇల్లెట్ల నడుస్తాది?”

ఇంతకాలం ఆ ప్రశ్న ఎవరడిగినా జవాబు నా దగ్గరే ఉండేది. ఈసారి వెతికాను, నిజంగానే దొరకలేదు. దొరకనందుకు భయం కూడా వేయలేదు.

“నాకు తెలీదండీ,” అన్నాను బ్యాగు భుజాన వేసుకుంటూ. “మీరే కనుక్కోండి.”