ఎలుగుపిల్ల పిలిచిన పిలుపు

కిమోనోల మీద చేత్తో పూలు దించడం మా ఇంటి పని. అమ్మ దించేది, ఆమె దగ్గర నేర్చుకుని నేనూ దించేదాన్ని. యుద్ధం రోజుల్లో విలాసాలు కూడదని ప్రభుత్వం ఆ పని ఆపించేసింది. వెంట్రుకంత సన్నటి గీత లాగగలిగిన ఆడవాళ్ళం క్యోటోలో వీధికి పదిమందిమి ఊరికే కూర్చున్నాం. అప్పుడే కురాషిగె గారు వచ్చి మాలో నలుగురిని ఏరుకున్నారు.

ఆయన కదిలే బొమ్మల సినిమాలు తీసేవారు. మూతపడిన ఒక అద్దకం దుకాణం మేడమీద ఆయన పనిశాల ఉండేది. కాగితం మీద వేసిన బొమ్మను సెల్యులాయిడ్ రేకు మీదికి కలంతో ఎత్తడం, వెనకవైపు రంగు నింపడం మా పని. ఎలుగుపిల్ల ఒక్క అడుగు వేయాలంటే డజను రేకులు కావాలి. ఆ రేకులకు కరువు. కెమెరాలోకి ఎక్కించగానే వాటిని కడిగేసి మళ్ళీ వాడేవాళ్ళం. పొద్దున వేసింది సాయంత్రానికి మురుక్కాలవలో కలిసిపోయేది. నాకదేమీ బాధనిపించలేదు. పనుంది, అన్నముంది, అది చాలనుకున్నాను.

1943 చివర్లో నౌకాదళం వాళ్ళు ఒక బొమ్మ అడిగారు. ఎలుగుపిల్లలు నావికుల బట్టలు తొడుక్కుని, విమానాలెక్కి, పొడుగు ముక్కుల రాక్షసులున్న దీవి మీద బాంబులు వేసి రావాలి. బళ్ళో పిల్లలందరికీ చూపిస్తారట. అందులో ఒక చోట, విమానం ఎక్కబోయే ఎలుగుపిల్ల వెనక్కి తిరిగి, చూసేవాళ్ళ వైపు నవ్వి, నువ్వూ రమ్మన్నట్టు చెయ్యి ఊపుతుంది. ఆ నవ్వు ఎవరికీ కుదరలేదు. బొమ్మలు వేసే మగవాళ్ళలో సగంమంది అప్పటికే సైన్యంలోకి వెళ్ళిపోయారు. కురాషిగె గారు నన్ను పిలిచి, ఆ ముక్క నన్నే వేయమన్నారు. వాడు పిల్లలకి పక్కింటి కుర్రాడిలా కనపడాలన్నారు.

మా పక్కింట్లో సోయాపాలు విరిచి టోఫూ చేసి అమ్మే హిసానో అక్క కొడుకు యసుహికో ఉండేవాడు. నవ్వితే వాడి ఎడమకన్ను సగం మూసుకుపోయేది. నేను అదే వేశాను.

వసంతంలో వాడి బడి పిల్లలందరినీ తీసుకెళ్ళి ఆ బొమ్మ చూపించారు. వాడు పరుగున వచ్చి, ఆ ఎలుగుపిల్ల నేనే కదా పిన్నీ అన్నాడు. అవునన్నాను. పొంగిపోయాడు. నేనూ పొంగిపోయాను. ఆకురాలే కాలంలో వాడు నౌకాదళం వాళ్ళ బాల వైమానిక దళానికి పేరిచ్చి వచ్చాడు. అప్పటికి వాడికి పదిహేనేళ్ళు.

వీధివీధంతా జెండాలు పట్టుకుని వాణ్ణి స్టేషన్‌లో దిగబెట్టి వచ్చాం. హిసానో అక్క అందరితో పాటు చేతులెత్తి జేజేలు పలికింది. వెనక్కి వచ్చాక, వాళ్ళ గుమ్మంలో మేమిద్దరమే ఉన్నప్పుడు, గొంతు పెంచకుండా అంది:

"వాణ్ణి నేను కన్నాను నోబూ. నువ్వు పిలుచుకుపోయావు."

ఆ తరవాత ఆవిడ నాతో తగువాడలేదు. ఎదురుపడితే తల వంచి పలకరించేది, అంతే. నా మొహంలోకి మాత్రం చూసేది కాదు. తిట్టినా బాగుండుననిపించేది. యసుహికో దగ్గర్నుంచి మే నెలలో ఒక కార్డు వచ్చింది, దక్షిణాన క్యూషూ దీవి నుంచి. క్షేమమని రెండు ముక్కలు. తరవాత అదీ లేదు.

ఆగస్టులో యుద్ధం ఓడిపోయాం. మర్నాడే, ఉన్నవన్నీ కాల్చేయమని కురాషిగె గారికి ఎక్కడినుంచో కబురు వచ్చింది. మూడు రోజులు పెరట్లో కాగితాలు తగలబెట్టాం. ఎలుగుపిల్లలు, ఓడలు, రాక్షసులు అన్నీ పోయాయి. ఆ చెయ్యి ఊపే ముక్క తాలూకు రేకులు మాత్రం దొరకలేదు. ఎప్పుడో కడిగేశాం. ఫిల్ము చుట్ట ఒకటి మిగిలితే దాన్నీ ఆయనే తెచ్చి మంటలో పడేశారు. అది భగ్గుమని లేచి పక్కనున్న దానిమ్మ కొమ్మను మాడ్చేసింది.

అమెరికన్లను రాక్షసుల్లా గీసినవాళ్ళను ఉరి తీస్తారని ఊరంతా అనుకున్నారు. కురాషిగె గారు నమ్మారు. జైలుకి కావలసిన లోబట్టలు, పళ్ళపొడి మూటగట్టుకుని, రోజూ ఆ మూటతోనే పనికి వచ్చేవారు. అక్టోబరులో ఒకరోజు నిజంగానే జీపు వచ్చి ఆగింది. ఇద్దరు సైనికులు, ఒక దుబాసీ. మమ్మల్ని కింద నిలబెట్టి ఆయన్ని మేడమీదికి తీసుకెళ్ళారు. గంట తరవాత వాళ్ళు దిగి వెళ్ళిపోయారు. మేం పైకి పరిగెత్తేసరికి ఆయన మూట ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుని ఉన్నారు.

"పేలట," అన్నారు. "తలలో పేలు. పిల్లల్ని శుభ్రంగా ఉండమని చెప్పడానికి పేల మీద ఒక బొమ్మ తీసిపెడతారా అని అడిగారు."

మరి రాక్షసుల సంగతో అని ఎవరో అడిగారు. పేరు, ఊరు రాసుకున్నారట, ఇంకేమీ అనలేదట. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. మిగతావాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, రాలేదు. నన్ను ఉరి తీస్తారన్న భయం నాకు ఏనాడూ లేదు. ఇంటికెళ్తే పక్క గుమ్మంలో హిసానో అక్క ఉంటుంది, అదీ నా భయం. దేశంలో ఉన్న దళాల కుర్రాళ్ళందరూ సెప్టెంబరులోనే ఇళ్ళకి చేరిపోయారు. వాడొక్కడు రాలేదు.

నవంబరు మొదట్లో ఒక పొద్దున నేను సందులో పంపు దగ్గర కుంచెలు కడుక్కుంటున్నాను. ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. గడ్డిచెప్పులు, గుండీలు ఊడిన నౌకాదళం కోటు, గుంటలు పడ్డ బుగ్గలు.

"పిన్నీ, అమ్మ ఉందా?"

బడినుంచి వచ్చినట్టే అడిగాడు. వాళ్ళ గుమ్మం వైపు చేత్తో చూపించాను. ఆ లోపే హిసానో అక్క తడి చేతులతో బయటికి వచ్చింది. ఏడవలేదు. వాడి చెవులు రెండూ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాళ్ళు కడుక్కుని లోపలికి రా," అంది.

వాడు లోపలికి వెళ్తూ, పిన్నిని కూడా రమ్మనమన్నాడు. నేను గుమ్మంలో మెట్టు మీద కూర్చున్నాను. బార్లీ జావ మూడు గిన్నెలు తాగాక వాడు చెప్పడం మొదలెట్టాడు. సెప్టెంబరు తుపానుకి రైలు పట్టాలు కొట్టుకుపోయాయట. నడుస్తుంటే దారిలో విరేచనాలు పట్టుకుని, ఒక పల్లెలో రైతు ఇంట్లో నెలపైన పడుకున్నాడట. విమానం ఎప్పుడైనా ఎక్కావా అని తల్లి అడిగింది.

"ఎక్కడి విమానాలమ్మా? ఉన్నవాటిలో పోయడానికి నూనె లేదు. నూనె తీయడానికని కొండల్లో పైన్ చెట్ల వేళ్ళు తవ్వించారు. ఏడాదంతా తవ్వాను. నన్నిప్పుడు బావి తవ్వమను, తవ్వేస్తాను."

హిసానో అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. అడగకుండా ఉండలేక అడిగాను:

"యసూ, ఆ బొమ్మ చూసే వెళ్ళావురా?"

వాడు అబద్ధం చెప్పలేదు.

"దాన్ని చూసే వెళ్ళాను పిన్నీ. మా గదిలో పదకొండు మందిమీ దాన్ని చూసే వచ్చాం."

"మిగతావాళ్ళు?"

"ఎనిమిది మంది ఇళ్ళకెళ్ళారు. ఇద్దరు జులైలో బాంబులకి పోయారు, గోతులు తవ్వుతూ." గిన్నె చేతిలో తిప్పుతూ, "వాళ్ళ ఊళ్ళు చెప్తాను, రాసుకుంటావా?" అన్నాడు.

రాసుకుంటానన్నాను. వాడు చెప్పబోయి, గిన్నె పట్టుకునే పక్కకి ఒరిగి నిద్రలోకి జారిపోయాడు. హిసానో అక్క గిన్నె తీసి, దుప్పటి కప్పింది. అప్పుడు ఏడాది తరవాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"సోయాగింజలు పంచుతున్నారట, వెళ్ళాలి. వీణ్ణి ఒంటరిగా వదల్లేను. కాసేపు కూర్చుంటావా నోబూ?"

"కూర్చుంటాను అక్కా, నిదానంగా వెళ్ళిరా."

ఆవిడ వెళ్ళింది. వాడు గట్టిగా గురకపెడుతున్నాడు. ఆ ఇద్దరు కుర్రాళ్ళ తల్లుల దగ్గరికి ఏ మొహంతో వెళ్ళాలో నాకింకా తెలియదు. వెళ్ళాలని మాత్రం తెలుసు. నీరెండ చాప మీదికి వచ్చింది. గోడకి జారగిలబడి వాడి గురక వింటూ వింటూ నేనూ నిద్రపోయాను. హిసానో అక్క వచ్చి తట్టేదాకా మెలకువ రాలేదు.