సీడీకి బొట్టు

పుంగనూరులో శంకరప్పకు పాల డెయిరీ ఉండేది. 2004లో ఆయన వెన్న శాతం చూసే కొత్త మిషను తెప్పించాడు. దాన్ని పాత కంప్యూటర్ ప్రోగ్రాముకు కలపడానికి రేఖను పెట్టుకున్నాడు. చౌడేపల్లెలో కూలికి పోయే వాళ్ల ఇంట్లో నెలజీతం మొహం చూడబోయేది ఆమె ఒక్కతే. సాయంత్రం పాలు వచ్చేలోగా మిషను పనిచేస్తే ఉద్యోగం ఖాయమని, లేదంటే ఇంటికి పొమ్మని శంకరప్ప పొద్దున్నే చెప్పేశాడు. మెత్తగా మాట్లాడే అలవాటు ఆయనకు ఎప్పుడూ లేదు.

పాత ప్రోగ్రాము రాసిన గణేష్ కుప్పంలో వేరే పనికి కుదిరాడు. అతని కోడ్ తెరవగానే రేఖకు తల తిరిగింది. ఏ భాగం ఏం చేస్తుందో మహానుభావుడు ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఫోన్ చేసి అడిగింది.

"అంతా వివరంగా రాసి సీడీలో పెట్టిచ్చినా కదమ్మా. సదువుకోడం గూడా నేనే నేర్పీయాల్నా?" అని ఠక్కున పెట్టేశాడు.

ఆ సీడీ ఎక్కడుందో డెయిరీలో ఒక్కరికీ తెలియదు. ఎవరైనా చదివితే కదా తెలియడానికి! రేఖ బీరువా, సొరుగులు, అటక అన్నీ తిరగేసింది. మధ్యాహ్నం దాటాక అది దేవుడి గూట్లో, లక్ష్మీదేవి పటం పక్కన కనిపించింది. ఏటా ఆయుధపూజకు శంకరప్ప తక్కెడతో, కంప్యూటర్‌తో పాటు దానికీ పూజ చేసేవాడు. తళతళలాడే వైపే ముందువైపు అనుకుని గంధం దట్టంగా పూసి, దాని మీద కుంకుమ పెట్టాడు. కంప్యూటర్ చదివేది కూడా ఆ వైపునే.

"సార్, ఇది తుడిస్తే గానీ తెరుసుకోదు," అంది రేఖ.

"దేవుని కాడిది. జాగర్త," అన్నాడు శంకరప్ప, ఇష్టం లేకుండానే.

తడిగుడ్డతో మెల్లగా తుడిచి, ఆరబెట్టి, కంప్యూటర్లో వేసింది. తెరుచుకుంది. మొదటి పేజీలో గణేష్ పేరు పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు పేరంత పెద్దగా ఉంది. ఆ తర్వాత అధ్యాయాల పేర్లు. 'మిషను కలిపే విధానం' అన్న చోట ఆశగా నొక్కింది. కింద ఒకటే మాట, 'తర్వాత రాయాలి.' మిగతావీ తెరిచింది. అన్నిచోట్లా అదే మాట. రేఖకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ వీళ్లు హారతి పట్టింది దీనికా!

శంకరప్పను పిలిచి చూపించింది. ఆయన గణేష్‌కు ఫోన్ కలిపి, గదిలో అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"నేను మొత్తం రాసిచ్చినా సార్," అన్నాడు గణేష్, గొంతులో తొణుకూ బెణుకూ లేకుండా. "ఆయమ్మ తుడిసేటప్పుడు ఏం పోగొట్టిందో ఏమో!"

"తుడిస్తే పేర్లు మిగిలి, లోపలి రాత ఒక్కటే పోతుందా సార్? 'తర్వాత రాయాలి' అని నేను రాసినానా?" రేఖ అరిచినంత పని చేసింది.

శంకరప్ప తెర వైపు చూడనే లేదు. "దేవుని కాడ పెట్టిన దాంట్లో ఏమీ లేకుండా ఎట్లుంటాది? బొట్టు తుడిసినావు, రాత పోయింది. నీ సెయ్యి మంచిది కాదమ్మా. పో."

అప్పుడే పాలక్యాన్ల ఆటోలు వాకిట్లో ఆగుతున్నాయి. రేఖ తలెత్తుకునే వాటి మధ్య నుంచి బయటికి నడిచింది గానీ, బస్సెక్కాక ఏడుపు ఆగలేదు.

పోయిన రాతను మళ్లీ రాసిమ్మని శంకరప్ప ఆ పనిని గణేష్‌కే అప్పజెప్పాడు. వారం తిరక్కుండానే గణేష్ కుప్పం నుంచి వచ్చి, డెయిరీకి పోకుండా నేరుగా చౌడేపల్లెలో రేఖ ఇంటి ముందు దిగాడు. మొహమంతా నవ్వు పులుముకున్నాడు.

"రేఖమ్మా, ఆ కొత్త మిషను సంగతి నాకు బొత్తిగా తెలీదు. నీకు తెలిసినకాడికి రెండు పేజీలు రాసిస్తివంటే..."

రేఖ గడప దాటి రాలేదు, కూర్చోమనీ అనలేదు.

"యాలప్పా నీకంత కష్టం? ఖాళీ సీడీ ఇచ్చిరా పో. బొట్టు పెట్టే మనిషి ఆడ ఉండనే ఉండాడు," అని తలుపేసింది.